వీడ్కోలు రేవు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : యాత్రా వ్యాసం

విహారయాత్ర అనగానే చూడదగిన ప్రదేశాలు, తినదగిన పదార్థాలు మనస్సులో మెదలుతాయి. ఆ రెండింటి వెనుక ఆ ఊరి ప్రజల సుఖదుఃఖాలు కూడా ఉంటాయి. వాటిని తెలుసుకొన్నప్పుడే యాత్ర సార్థకమవుతుంది. ఐర్లాండు దేశంలోని కోవ్ అనే చిన్న సముద్రతీర పట్టణాన్ని ఒక రోజులో ఎలా దర్శించవచ్చునో, అక్కడి భోజనంలో ఆ జాతి చరిత్ర ఎలా దాగి ఉన్నదో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఐరోపా ఖండానికి పశ్చిమాన, అట్లాంటిక్ మహాసముద్రంలో ఐర్లాండు ద్వీపం ఉన్నది. దాని దక్షిణ తీరంలో కార్క్ అనే నగరం, ఆ నగరానికి దిగువన విశాలమైన సహజ నౌకాశ్రయం ఉన్నాయి. ఆ నౌకాశ్రయంలోని గ్రేట్ ఐలండ్ అనే దీవి మీద, కొండవాలున, సముద్రానికి అభిముఖంగా నిలిచిన పట్టణమే కోవ్. జనాభా సుమారు 14 వేలు. మన మండల కేంద్రాలలో ఇంతకంటె పెద్దవి ఎన్నో ఉన్నాయి. అయినా ప్రపంచ వలసల చరిత్రలో ఈ చిన్న ఊరికి గొప్ప స్థానం ఉన్నది. 1848 నుండి 1950 వరకు సుమారు 60 లక్షల మంది ఐర్లాండును విడిచి వెళ్ళారని అంచనా. వారిలో దాదాపు 25 లక్షల మంది ఈ రేవు నుండే ఓడ ఎక్కారు.

ఈ ఊరి పేరుకు కూడా ఒక కథ ఉన్నది. 'కోవ్' అంటే ఆంగ్లంలో చిన్న సముద్రపు వంపు. 1849లో విక్టోరియా రాణి ఇక్కడ కాలుమోపినప్పుడు ఆమె గౌరవార్థం ఊరి పేరును 'క్వీన్స్‌టౌన్' అని మార్చారు. ఐర్లాండు స్వాతంత్ర్యం సాధించుకొంటున్న కాలంలో, 1920ల తొలినాళ్ళలో, పట్టణం తన పాత పేరును ఐరిష్ రూపంలో మళ్ళీ స్వీకరించింది. ఆ రూపంలో చివరి ధ్వనిని 'బి', 'హెచ్' అక్షరాలు కలిపి రాస్తారు. ఐరిష్ భాషలో ఆ రెండూ కలిస్తే 'వ'కారంగా పలుకుతాయి. ఈ సంగతి తెలియని కొత్తవారు ఊరిని 'కోబ్' అని పిలవడం, ఊరివారు చిరునవ్వుతో సవరించడం తరచుగా జరుగుతుంది.

రైలు దిగిన చోట

కోవ్ చేరడానికి అందమైన మార్గం రైలు. కార్క్ నగరంలోని కెంట్ స్టేషన్‌లో ఎక్కితే అరగంట లోపే కోవ్ చేరవచ్చు. నీటి పాయలను, చిత్తడి నేలలను దాటుతూ రైలు సాగుతుంది. దారిలో ఫోటా అనే చిన్న స్టేషన్ వస్తుంది. 1983లో ప్రారంభమైన వన్యప్రాణి ఉద్యానం అక్కడ ఉన్నది. జిరాఫీలు, కంగారూలు ఆరుబయట తిరుగుతూ కనిపిస్తాయి కనుక పిల్లలతో వచ్చిన కుటుంబాలు చాలావరకు అక్కడే దిగిపోతాయి.

కోవ్‌లో రైలు దిగిన యాత్రికుడు మొదట చూడవలసినది ఆ స్టేషన్ భవనాన్నే. ఒకప్పుడు ఐర్లాండు పల్లెల నుండి వచ్చిన వలసదారులు మూటాముల్లెతో దిగినది ఇక్కడే. పాత స్టేషన్‌లో అధికభాగం నేడు వారసత్వ ప్రదర్శనశాలగా మారింది. వలస ఓడల నమూనాలు, ప్రయాణికుల పెట్టెలు, ఉత్తరాలు, నాటి ఓడలలోని ఇరుకు పడకలు అక్కడ చూడవచ్చు.

అంతమంది దేశం విడిచి ఎందుకు వెళ్ళారు? ఈ ప్రశ్నకు సమాధానం బంగాళాదుంపలో ఉన్నది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఐర్లాండు పేదలకు బంగాళాదుంపే ప్రధానాహారం. కాయకష్టం చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడు. తక్కువ నేలలో ఎక్కువ పండే పంట అది తప్ప వేరొకటి లేదు. 1845 సెప్టెంబరులో ఆ పంటకు ఒక తెగులు సోకింది. ఆకులు నల్లబడి, భూమిలోని దుంపలు కుళ్ళిపోయాయి. ఆ తరువాతి సంవత్సరాలలో కూడా తెగులు మళ్ళీ మళ్ళీ పంటను కాటువేసింది. ఆకలితోను, దాని వెంట వచ్చిన జ్వరాలతోను సుమారు పది లక్షల మంది మరణించారు. మరొక పది లక్షల మంది ఓడలెక్కారు. 1841 జనాభా లెక్కలలో 80 లక్షలకు పైగా ఉన్న ఆ ద్వీప జనసంఖ్య 1851 నాటికి దాదాపు 65 లక్షలకు పడిపోయింది. 180 ఏళ్ళు గడిచినా ఐర్లాండు ద్వీపం 1841 నాటి జనసంఖ్యను ఇంకా అందుకోలేదు.

మరింత బాధాకరమైన విషయం ఒకటి ఉన్నది. పేదల దుంపలు కుళ్ళిన ఆ కాలంలోనే ఐర్లాండు రేవుల నుండి ధాన్యం, పశువులు, వెన్న ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. దేశంలో ఆహారం ఉన్నది. దానిని కొనే శక్తి పేదవానికి లేదు. 19వ శతాబ్దిలో మన దేశం చూసిన కరువులలోనూ ఇదే కథ కనిపిస్తుంది. ఆ క్షామ సమయంలో ఐర్లాండుకు చేరిన తొలి విరాళాలలో కలకత్తాలో పోగుచేసినవి కూడా ఉన్నాయని తెలిసినప్పుడు మనకు ఆ దేశం అంత దూరమనిపించదు.

బ్రతికి ఉన్నవారికి జాగారం

ప్రదర్శనశాల బయట సముద్రపు గట్టున ఒక కంచు విగ్రహ సమూహం ఉన్నది. ఒక యువతి, ఇద్దరు తమ్ముళ్ళు. ఆమె పేరు ఆనీ మూర్. తల్లిదండ్రులు అంతకుముందే న్యూయార్క్ చేరి ఉండగా, 1891 డిసెంబరులో తమ్ముళ్ళను వెంటబెట్టుకొని ఆమె ఈ రేవులో 'నెవాడా' అనే ఓడ ఎక్కింది. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో కొత్త వలసదారుల కేంద్రం ప్రారంభమైనప్పుడు, అందులో మొట్టమొదట పేరు నమోదైనది ఆమెదే. అధికారులు ఆమెకు పది డాలర్ల బంగారు నాణెం బహూకరించారు. అప్పటికి ఆమె వయస్సు 17 ఏళ్ళు. నేడు జూనియర్ కళాశాలలో చదివే విద్యార్థి వయస్సు అది. ఆ వయస్సులో ఇద్దరు పిల్లల భారం మోస్తూ మహాసముద్రం దాటిన ఆ బాలిక ముందు నిలిచినప్పుడు, 25 లక్షలనే అంకె ఒక ముఖంగా మారుతుంది.

ఓడ ఎక్కే ముందు రాత్రి వలసదారుల ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఐర్లాండులో ఎవరైనా మరణిస్తే బంధుమిత్రులు రాత్రంతా శవం వద్ద జాగారం చేస్తారు. దూరదేశం వెళ్ళేవారికి కూడా అటువంటి జాగారమే చేసేవారు. దానికి 'అమెరికా జాగారం' అని పేరు. ఇరుగుపొరుగు వారు చేరేవారు. ఉన్నంతలో విందు, పాట, ఆట సాగేవి. తెల్లవారే వేళకు పాట ఏడుపుగా మారేది. ప్రయాణానికి వారాలు పట్టే రోజులు. తిరుగు ప్రయాణానికి డబ్బు ఉండని రోజులు. వెళ్ళినవారు తిరిగి రారన్నది అందరికీ తెలిసిన సత్యం. తెలుగువారు గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనరు. 'వెళ్ళి వస్తాను' అంటారు. ఆ చిన్న మాటలో ఉన్న ఆశ ఆ ఇళ్ళలో ఎవరికీ మిగలలేదు. అందుకే బ్రతికి ఉన్న బిడ్డకు చావు జాగారం చేశారు.

అయితే వెళ్ళినవారు ఇంటిని మరువలేదు. అమెరికా నుండి వచ్చే ఉత్తరం కోసం పల్లెలన్నీ ఎదురుచూసేవి. అందులో క్షేమసమాచారంతో పాటు డబ్బు ఉండేది; తరచుగా తరువాతి తమ్ముడికో చెల్లెలికో ఓడ టిక్కెట్టు కూడా ఉండేది. ఇంటి అద్దె కట్టించినది, అప్పు తీర్చినది ఆ ఉత్తరమే. మళ్ళీ మరొక బిడ్డను రేవుకు నడిపించినదీ ఆ ఉత్తరమే.

టైటానిక్ ఆగిన రేవు

స్టేషన్ నుండి గట్టు వెంట నడిస్తే ఊరి నడిబొడ్డున కేస్‌మెంట్ కూడలి వస్తుంది. దాని సమీపాన 'వైట్ స్టార్ లైన్' ఓడల కంపెనీ పూర్వ కార్యాలయం ఉన్నది. టైటానిక్ ఓడ ఆ కంపెనీదే. 1912 ఏప్రిల్ 11న ఆ మహానౌక తన తొలి ప్రయాణంలో చివరిసారిగా ఆగినది ఈ రేవులోనే. ఓడ ఒడ్డుకు రాలేనంత పెద్దది కావడం వలన నౌకాశ్రయం ముఖద్వారం వద్ద లంగరు వేసింది. 123 మంది ప్రయాణికులను చిన్న ఓడల మీద దాని వద్దకు చేర్చారు. వారిలో 113 మంది మూడవ తరగతి వారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఓడ కదిలింది. నాలుగవ నాటి తెల్లవారుజామున మునిగిపోయింది. ఈ రేవులో ఎక్కిన 123 మందిలో 44 మందే ప్రాణాలతో మిగిలారు.

ఆ కార్యాలయం నేడు టైటానిక్ ప్రదర్శనశాల. లోపలికి వెళ్ళే ప్రతి సందర్శకునికి ఆ 123 మందిలో ఒకరి వివరాలున్న టిక్కెట్టు ఇస్తారు. ఆ ప్రయాణికుడు బ్రతికాడో లేదో ప్రదర్శన చివర తెలుస్తుంది. భవనం వెనుక నాటి చెక్క రేవుకట్ట శిథిలావస్థలో నిలిచి ఉన్నది. స్థానికులు దానిని 'గుండెకోత రేవుకట్ట' అని పిలుస్తారు.

ఆనాడు ఈ రేవులో ఎక్కినవారే కాక దిగినవారు కూడా కొందరున్నారు. వారిలో ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే మతవిద్యార్థి ఒకరు. ఆయన పినతండ్రి ఈ ప్రాంతపు బిషప్. ఆయన కానుకగా ఇచ్చిన టిక్కెట్టుతో బ్రౌన్ ఇంగ్లండులో ఓడ ఎక్కి, కెమెరాతో ఎన్నో ఛాయాచిత్రాలు తీశాడు. ఓడలో పరిచయమైన ధనిక దంపతులు న్యూయార్క్ వరకు ఖర్చు తాము భరిస్తామన్నారు. అతడు అనుమతి కోరుతూ తన మతాధికారికి తంతి పంపగా, వెంటనే ఓడ దిగమని కటువుగా జవాబు వచ్చింది. దిగాడు, బ్రతికాడు. టైటానిక్ లోపలి జీవితాన్ని ప్రపంచానికి చూపిన చిత్రాలలో ముఖ్యమైనవి అతని చిత్రాలే.

దేవాలయపు గంటలు, పేకముక్కల ఇళ్ళు

కోవ్‌లో ఏ మూల నిలిచినా కనిపించేది సెయింట్ కోల్మన్ ప్రధాన చర్చి. 1868లో ప్రారంభమైన దాని నిర్మాణం సుమారు అర్ధశతాబ్దం సాగింది. శిఖరం ఎత్తు దాదాపు 90 మీటర్లు. అమెరికా, ఆస్ట్రేలియాలకు వలసపోయినవారు పంపిన విరాళాలు కూడా ఆ రాళ్ళలో ఉన్నాయి. ఓడ మీది నుండి వెనుదిరిగి చూసినవారికి స్వదేశంలో చివరిదాకా కనిపించే కట్టడాలలో ఇది ఒకటి కావడం వలన దాని మీద వలసదారులకు ప్రత్యేకమైన మమకారం ఉండేది. చర్చి గోపురంలో 49 గంటలున్న వాద్యం ఉన్నది. వాదకుడు చెక్క మీటలను పిడికిళ్ళతో మోదుతూ రాగాలు పలికిస్తాడు. వేసవి ఆదివారాలలో ఆ సంగీతం ఊరంతా వినవచ్చు. దానికి టిక్కెట్టు అవసరం లేదు.

చర్చికి సమీపాన ఏటవాలు వీధిలో వరుసగా 23 రంగురంగుల ఇళ్ళు ఉన్నాయి. 1850 ప్రాంతంలో కట్టిన ఆ ఇళ్ళను ఊరివారు 'పేకముక్కలు' అంటారు. అడుగున ఉన్న ఇల్లు కూలితే మిగిలినవన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయని వారి చమత్కారం. ఆ వరుస ఇళ్ళు, వెనుక చర్చి శిఖరం, అంతకు వెనుక నీలిసముద్రం ఒకే చిత్రంలో పట్టుకోవడానికి యాత్రికులు పై వీధి చివరకు చేరుతారు.

భోజనవేళ

కొండ ఎక్కి దిగిన యాత్రికునికి ఆకలి సహజం. గట్టు వెంట ఉన్న ఫలహారశాలలలో మొదట అడగవలసినది సముద్రాహారపు చౌడర్. చేపముక్కలు, ఆల్చిప్పల మాంసం, బంగాళాదుంప, ఉల్లి, పాలమీగడలతో చేసే చిక్కని సూప్ ఇది. కారం ఉండదు, మిరియాల వాసన కొద్దిగా తగులుతుంది. చల్లని సముద్రపు గాలిలో నడిచి వచ్చినవారికి అది ప్రాణం పోస్తుంది.

దాని పక్కన గోధుమరంగు సోడా రొట్టె తప్పక ఉంటుంది. ఈ రొట్టెలో ఈస్ట్ ఉండదు. గోధుమపిండిలో వంటసోడా, ఉప్పు వేసి, మజ్జిగతో కలిపి, పైన కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టి కాలుస్తారు. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి పిండిని పొంగిస్తుంది. పొయ్యి తప్ప వేరే సాధనం లేని పేద ఇళ్ళలో, మూతపెట్టిన ఇనుప పాత్రలో కాల్చడానికి వీలైన రొట్టె ఇది. దాని మీద ఉప్పు వెన్న దట్టంగా పూసుకొని తింటారు. ఐర్లాండులో వాన ఎక్కువ, గడ్డి పచ్చన, పశువులు పుష్కలం; కనుక వెన్నకు కొదవ లేదు.

మాంసాహారులు ఉదయపు ఫలహారంలో మరొక ప్రత్యేకతను చూడవచ్చు. గుడ్లు, పంది మాంసపు ముక్కలు, వేయించిన టమాటా, పుట్టగొడుగులతో పాటు నల్లని సాసేజ్ ముక్కలు పళ్ళెంలో ఉంటాయి. అది పశువుల రక్తంలో ఓట్లు, మసాలా కలిపి చేసిన వంటకం. తెలియక తిని తరువాత తెలుసుకొనే కంటె ముందే అడగడం మంచిది. శాకాహారులు నిరాశపడవలసిన పని లేదు. చాలా చోట్ల కూరగాయల సూప్, సోడా రొట్టె, చిదిమిన బంగాళాదుంపలో క్యాబేజి, వెన్న కలిపిన 'కోల్కానన్' వంటివి దొరుకుతాయి. సూప్‌లో మాంసపు రసం కలిపారో లేదో ముందుగా విచారించుకోవాలి.

సాయంకాలం చిరుతిండి చేప, చిప్స్. పిండిలో ముంచి నూనెలో వేయించిన తెల్లని చేప, లావుగా తరిగిన వేడి వేడి బంగాళాదుంప ముక్కలు, వాటి మీద ఉప్పు, వినెగర్. కాగితపు పొట్లం పట్టుకొని సముద్రపు గట్టున బల్ల మీద కూర్చొని తినడమే పద్ధతి. సముద్రపు కాకులు చేతిలోనిది లాక్కుపోయే అవకాశం ఉన్నది కనుక జాగ్రత్త అవసరం. కూర రసం పోసిన 'కర్రీ చిప్స్' కూడా అక్కడ అందరికీ ఇష్టమైనవే. మన కూర అంత దూరం వెళ్ళి, మన నాలుకకు గుర్తుపట్టరానంత చప్పబడి, అయినా తన పేరు నిలబెట్టుకొన్నది.

చివరగా తేనీరు. తలసరి తేయాకు వాడకంలో ప్రపంచంలో ముందువరుసలో ఉన్న జాతులలో ఐరిష్ వారు ఒకరు. చిక్కని డికాక్షన్‌లో పాలు కలుపుకొని తాగడం వారి అలవాటు. ఇంటికి వచ్చిన అతిథికి తేనీరు ఇవ్వకుండా పంపడం వారికీ తప్పే.

ఈ భోజనపు బల్ల దగ్గర యాత్రికుడు ఒక క్షణం ఆగాలి. చౌడర్‌లోను, కోల్కానన్‌లోను, చిప్స్‌లోను ఉన్నది బంగాళాదుంపే. ఏ పంట నష్టం ఒక జాతిని ఓడలెక్కించిందో ఆ పంటను ఆ జాతి ద్వేషించలేదు. ఇప్పటికీ ప్రతి పూటా వండుకొంటున్నది.

దీవి మీది కోట

మధ్యాహ్నం కోవ్ గట్టు నుండి పడవలో కొద్ది నిమిషాలు ప్రయాణిస్తే స్పైక్ దీవి చేరవచ్చు. సుమారు 104 ఎకరాల ఆ దీవిలో నక్షత్రాకారంలో నిర్మించిన కోట ఉన్నది. క్షామకాలంలో, 1847లో, అది కారాగారంగా మారింది. 1850లలో 2,000కు పైగా ఖైదీలు అందులో కిక్కిరిసి ఉండేవారు. ఆకలికి తాళలేక దొంగతనం చేసినవారు కూడా వారిలో ఉన్నారు. ఐర్లాండు స్వతంత్రమైన తరువాత కూడా కొన్నాళ్ళు బ్రిటిషు సైన్యం చేతిలోనే ఉన్న ఈ దీవి 1938లో ఆ దేశానికి దక్కింది. అక్కడి ఆధునిక కారాగారం 2004లో మూతపడింది. నేడు దీవి అంతా సందర్శనస్థలం. మార్గదర్శకులు కథలు చెబుతూ కోటంతా చూపిస్తారు. తిరుగు పడవ వేళ ముందే తెలుసుకొని ఉండాలి. గొడుగు కంటె వానకోటు మేలు. ఆ గాలిలో గొడుగు నిలవదు.

సముద్రం తెచ్చిన అతిథులు

తిరిగి వచ్చిన తరువాత కేస్‌మెంట్ కూడలిలోని స్మారక శిల్పాన్ని చూడాలి. పైన శాంతిదేవత, కింద దుఃఖంలో మునిగిన ఇద్దరు జాలరులు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 మే 7న, లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ఈ తీరానికి దూరాన ముంచివేసింది. 18 నిమిషాలలో ఓడ మునిగిపోయింది. సుమారు 1,200 మంది మరణించారు. బ్రతికినవారిని, మరణించినవారిని కూడా ఈ ఊరికే తెచ్చారు. ఊరివారు తమ ఇళ్ళ తలుపులు తెరిచి వారిని ఆదరించారు. ఊరి వెలుపలి పాత శ్మశానంలో 150 మందికి పైగా మృతులను ఖననం చేశారు. వారిలో పేరు తెలియనివారు కూడా ఉన్నారు.

ఇదే కార్క్ తీరం 70 ఏళ్ళ తరువాత భారతీయుల దుఃఖానికి కూడా సాక్షి అయింది. 1985 జూన్ 23న కెనడా నుండి లండన్ మీదుగా భారతదేశానికి బయలుదేరిన ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం బాంబు పేలుడు వలన ఐర్లాండు తీరానికి సమీపాన సముద్రంలో కూలింది. 329 మంది మరణించారు. ఐరిష్ నౌకాదళం, జాలరులు, వైద్యులు మృతదేహాల కోసం శ్రమించారు. కార్క్ ప్రాంతపు పశ్చిమాన ఉన్న అహకిస్తా గ్రామంలో సముద్రం పక్కన ఒక స్మారకోద్యానం నెలకొల్పారు. ఏటా జూన్ 23న ఆప్తులను కోల్పోయిన కుటుంబాలు అక్కడ చేరుతాయి. గ్రామస్థులు వారితో పాటు నిలబడతారు. తమ బిడ్డలను సముద్రానికి అప్పగించిన జాతికి పరాయి బిడ్డల విలువ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

సంధ్యవేళ

జూన్ నెలలో కోవ్‌లో సూర్యాస్తమయం రాత్రి పది గంటల ప్రాంతంలో జరుగుతుంది. కనుక పగటి పనులన్నీ ముగించిన తరువాత కూడా గట్టు మీద కూర్చోవడానికి కావలసినంత వెలుగు ఉంటుంది. అక్కడే సోనియా ఓ సల్లివన్ విగ్రహం కనిపిస్తుంది. ఈ ఊరిలో పుట్టిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్ల పరుగులో రజతపతకం సాధించింది. ఓడ ఎక్కి వెళ్ళిపోయినవారి విగ్రహం ఒకటి, పరుగెత్తి గెలిచి తిరిగి వచ్చిన ఆడబిడ్డ విగ్రహం ఒకటి, రెండూ ఒకే గట్టు మీద ఉన్నాయి.

నేడు కోవ్ రేవుకు పెద్ద పెద్ద విహారనౌకలు వస్తున్నాయి. వాటి నుండి దిగేవారిలో అమెరికా నుండి వచ్చినవారు ఎందరో. కొందరి చేతిలో పాత ఫోటో ఉంటుంది. కొందరికి ముత్తవ్వ పేరు, ఆమె ఓడ ఎక్కిన సంవత్సరం మాత్రమే తెలుసు. వారసత్వ కేంద్రంలో వంశవృక్షాలను వెదికిపెట్టే సేవ ఉన్నది. పేరు దొరికినప్పుడు ఆ పరదేశి తానూ ఆ ఊరి మనిషి అవుతాడు.

నేడు తెలుగు యువత కూడా ఉన్నత విద్య కోసం, ఉద్యోగాల కోసం ఐర్లాండు చేరుతున్నది. కార్క్‌లో చదువుకొంటూ సెలవునాడు కోవ్ గట్టుకు వచ్చే తెలుగు విద్యార్థి అదే సముద్రాన్ని చూస్తాడు. అతని చేతిలో ఫోన్ ఉన్నది; కొన్ని నిమిషాలలో అమ్మతో మాట్లాడగలడు; సంవత్సరానికో రెండేళ్ళకో ఇల్లు చేరగలడు. ఆనీ మూర్ తరానికి ఆ భాగ్యం లేదు. ఇల్లు విడిచేటప్పుడు 'వెళ్ళి వస్తాను' అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోగలగడం ఎంత పెద్ద వరమో కోవ్ రేవు ప్రతి యాత్రికునికి నేర్పుతుంది.

అర్థాలు

అభిముఖం = ఎదురుగా ఉండటం
ఆప్తులు = దగ్గరివారు, అయినవారు
క్షామం = కరువు
కారాగారం = జైలు, చెరసాల
జలాంతర్గామి = నీటి లోపల ప్రయాణించే యుద్ధనౌక
జాగారం = రాత్రంతా మేలుకొని ఉండటం
తంతి = టెలిగ్రాము
నౌకాశ్రయం = ఓడలు నిలిచే చోటు, ఓడరేవు
మూటాముల్లె = ప్రయాణపు సామాను
లంగరు = ఓడను కదలకుండా నిలిపే ఇనుప సాధనం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కోవ్ పట్టణాన్ని 'వీడ్కోలు రేవు' అనడం ఎంతవరకు సమంజసమో వివరించండి.
2. కోవ్‌ను ఒక రోజులో దర్శించే యాత్రికునికి చూడదగిన ప్రదేశాలను, వాటి ప్రాముఖ్యాన్ని తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. 'అమెరికా జాగారం' అనే ఆచారాన్ని గురించి రాయండి.
2. ఐర్లాండు క్షామానికి కారణాలు, ఫలితాలు తెలపండి.
3. సోడా రొట్టె తయారీని, దాని వెనుక ఉన్న జీవన పరిస్థితులను వివరించండి.
4. కార్క్ తీరానికి, భారతీయులకు గల సంబంధాన్ని తెలపండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కోవ్ పట్టణానికి 1849లో పెట్టిన పేరు ఏమిటి?
2. ఆనీ మూర్ ఎక్కిన ఓడ పేరేమి?
3. టైటానిక్ ఓడలో కోవ్ వద్ద ఎంతమంది ఎక్కారు?
4. సెయింట్ కోల్మన్ చర్చి గోపురంలో ఎన్ని గంటలు ఉన్నాయి?

IV. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. దేశంలో ఆహారం ఉన్నది. దానిని కొనే శక్తి పేదవానికి లేదు.
2. బ్రతికి ఉన్న బిడ్డకు చావు జాగారం చేశారు.
3. దిగాడు, బ్రతికాడు.

V. వ్యాకరణం
అ) కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
సూర్యాస్తమయం, నక్షత్రాకారం, స్మారకోద్యానం, ప్రధానాహారం

ఆ) కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
తల్లిదండ్రులు, సముద్రతీరం, సుఖదుఃఖాలు, మహానౌక

VI. భాషాకార్యం
మీ ఊరి నుండి దూరదేశానికి వెళ్ళిన ఒకరి కుటుంబాన్ని కలుసుకొని, వారు బయలుదేరిన నాటి సంగతులను అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయండి.